బ్రేకరుకూ వర్జ్యం పెట్టండి

గౌరవనీయులైన శబ్ద నియంత్రణ అధికారి గారి సముఖమునకు,

హైదరాబాదులో ఒక కాలనీ నివాసి నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

విషయం: ఇళ్ల మధ్య ఇళ్లు కట్టే పనులకు వేళలు నిర్ణయించడం గురించి.

అయ్యా,

లేఖ మీద తమ పేరు, చిరునామా లేకపోవడం అమర్యాద కాదు. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు 2000లో వచ్చాయి. మోత భరించలేనివారు ఫిర్యాదు తమకే చేసుకోవాలని అందులో స్పష్టంగా ఉంది. తమరెవరన్నదీ అందులోనే ఉంది. జిల్లా మేజిస్ట్రేటు కావచ్చు, పోలీసు కమిషనరు కావచ్చు, డీఎస్పీ హోదాకు తగ్గని మరో అధికారి కావచ్చు. ఇన్ని అవతారాలున్న స్వామికి ఏ గుడి ముందు కొబ్బరికాయ కొట్టాలో తేలక, అన్ని గుళ్లకూ వినిపించేలా పత్రికకెక్కుతున్నాం.

ఇల్లు కట్టడం మీద మాకు పగ లేదని ముందే మనవి చేస్తున్నాను. ఈ ఊళ్లో ప్రతి ఇల్లూ ఎవరో ఒక పొరుగువారి నిద్ర మీద లేచిందే. మేం గృహప్రవేశం రోజున పాలు పొంగించుకున్న వంటింట్లోని గ్రానైట్ బండను కోసిన చప్పుడు పక్కింటివాళ్లు భరించారు. ఇప్పుడు వంతు మాది. వంతు తప్పించమని కాదు, దానికి గంటలు కట్టమని అడుగుతున్నాం.

తమరు సౌండ్‌ప్రూఫ్ గదిలో ఉంటారేమో, ఒక ఇల్లు చెవికి ఎలా కనబడుతుందో వివరిస్తాను. మొదట బోరు బండి వస్తుంది. అది వచ్చేది తరచుగా రాత్రిపూటే. తర్వాత సెల్లార్ తవ్వకం. రెండు బారలు తవ్వేసరికి హైదరాబాదు అసలు రూపం బయటపడుతుంది, బండరాయి. దాని మీదికి హైడ్రాలిక్ బ్రేకరు ఎక్కి టకటకటకా మొదలుపెడుతుంది. దగ్గర నిలబడితే 90 డెసిబెళ్లు దాటడం మామూలే. చెవులు మూసుకున్నా లాభం లేదు, అది నేలలోంచి మంచంకోళ్ల గుండా వీపులోకి వస్తుంది. తర్వాత టిప్పర్లు కంకర ఒంపుతాయి. ఇనుప చువ్వలు లారీ మీంచి రోడ్డు మీద పడతాయి. మిక్సరు, వైబ్రేటరు, సెంట్రింగ్ విప్పేటప్పుడు నేల మీదికి విసిరేసే జాకీలు, గ్రిల్స్ గ్రైండరు, టైల్స్ కటింగ్ ఒకదాని వెనక ఒకటి. అపార్టుమెంటు పూర్తయిందని ఊపిరి పీల్చుకునేలోపు ఇంటీరియర్లు. వంద ఫ్లాట్లుంటే వందమందీ ఒకే నెలలో చేయించుకోరు. వాయిదాల పద్ధతిలో ఏళ్ల తరబడి గోడలకు తూట్లు పడుతూనే ఉంటాయి.

ఆ బండరాయి గురించి ఒక్క మాట. భూగర్భ శాస్త్రవేత్తల లెక్కలో దాని వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. అన్నేళ్లు కదలకుండా కూర్చున్న రాయి తెల్లారి తొమ్మిది దాకా ఎటూ పారిపోదని బిల్డరు గారికి తమరు నచ్చజెప్పగలరా?

చట్టం లేదని మేం అనడం లేదు. 2010లో నియమాలను సవరించి, నివాస ప్రాంతాల్లో రాత్రిపూట మోత చేసే నిర్మాణ యంత్రాలు వాడరాదని తేల్చేశారు. చట్టం దృష్టిలో రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఈ నియమాల్లో ఒక విశేషం ఉంది. పండగలకు, సాంస్కృతిక ఉత్సవాలకు రాత్రి 10 నుంచి 12 దాకా మైకు పెట్టుకోనివ్వడానికి రాష్ట్ర ప్రభుత్వానికి అధికారముంది, ఏడాదికి 15 రోజులు మించకుండా. అంటే వినాయకుడికైనా, అమ్మవారికైనా ఇచ్చే సడలింపు రెండు గంటలే, దానికీ రోజుల లెక్క ఉంది. నిర్మాణ యంత్రాలకు ఆ నియమాల్లో అలాంటి సడలింపే లేదు. అయినా మా వీధిలో దేవుళ్లు పదింటికి మైకు కట్టేస్తున్నారు, బ్రేకరు మాత్రం అర్ధరాత్రి దాకా జాగారం చేస్తోంది.

వేళ పాటించడం మనవాళ్లకు చేతకాదని మాత్రం ఎవరూ అనలేరు. శంకుస్థాపనకు ముహూర్తం కావాలి. ద్వారబంధం ఎత్తడానికి ముహూర్తం కావాలి. మూఢమొస్తే కోట్ల రూపాయల పనైనా మొదలుకాదు. ఆషాఢం, శూన్యమాసం అంటే కొబ్బరికాయ బయటికి రాదు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలమైతే, తొమ్మిదీ ఒకటికి గడియారం చూసుకుని మరీ గునపం దించుతారు. ఆకాశంలో కంటికి కనబడని గ్రహం కోసం రోజుకు గంటన్నర పని ఆపగలిగిన మనిషి, పక్క కిటికీలో కనబడుతున్న బాలింత కోసం ఎనిమిది గంటలు ఆపలేడా? ఆపగలడు. రాహువు ఊరుకోడని అతనికి నమ్మకం, తమరు ఊరుకుంటారని అంతకంటే గట్టి నమ్మకం.

పూర్వం తమ ఉద్యోగం సూర్యుడు చేసేవాడు. వడ్డెరలు ఉలితో, సుత్తితో, మంట పెట్టి బండను పగలగొట్టిన రోజుల్లో పొద్దుగూకితే పని కూడా గూకేది. హాలోజన్ లైటు వచ్చి ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. ఆ ఖాళీలోకి తమను తీసుకుని పాతికేళ్లయింది. ఆయన ఏనాడూ సెలవు పెట్టలేదని వినయంగా గుర్తు చేస్తున్నాం.

న్యాయంగా అవతలి పక్షం కూడా చెప్పాలి. రాత్రి పని అంతా దురాశ వల్ల జరగదు. పగలు చాలా వేళల్లో భారీ వాహనాలను నగరంలోకి రానివ్వరు. ఇసుక, స్టీలు, రెడీమిక్స్ ఎక్కువగా రాత్రికే దిగాలి. ఒక శాఖ లారీని రాత్రిలోకి తోస్తుంది, ఇంకో శాఖ రాత్రి చప్పుడు చేయొద్దంటుంది. మధ్యలో డ్రైవరు మా గేటు ముందు రివర్స్ హారన్ మోగిస్తూ నిలబడతాడు. స్లాబ్ సంగతీ అంతే. రెడీమిక్స్ ప్లాంటులో కలిపాక గంటల్లో పోసేయాలి, లేకపోతే గట్టిపడుతుంది. పోయడం మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. మేస్త్రీని అడిగితే, "స్లాబ్ సగంల ఆపితే ఎట్ల సార్, జాయింట్ పడ్తది, రేపు నీళ్లు కారుతయ్" అంటాడు. అతను చెప్పింది నిజం. కానీ స్లాబ్ అంతస్తుకు ఒక్కసారే పడుతుంది. దాని పేరు చెప్పి మిగతా రాత్రులన్నీ టైల్స్ కోయడం ఏ ఇంజనీరింగు పుస్తకంలోనూ లేదు. తెల్లవారాక మొదలుపెట్టి చీకటి పడేలోపు ముగించేలా లారీలకు పగలే దారి ఇస్తే స్లాబ్ కూడా సూర్యుడి వేళల్లోకి వస్తుంది.

కూలీల పొట్ట కొడుతున్నామన్న మాట కూడా వస్తుంది. ఆ కూలీలు పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చి ఆ సైటులోనే రేకుల షెడ్డులో కాపురముంటున్నారు. వాచ్‌మన్ భార్య ఆ సెల్లార్ పక్కనే ఉయ్యాల కట్టి బిడ్డను జోకొడుతుంది. మాకు బ్రేకరు గోడ అవతల ఉంది, ఆమెకు గోడే లేదు. పగలు పనిచేసి రాత్రి అదే మోతలో పడుకున్నవాడు మర్నాడు పరంజా ఎక్కాలి. నిద్రలేని కాలు నాలుగో అంతస్తులో ఎక్కడ పడుతుందో తమకు వేరే చెప్పనక్కర్లేదు. గంటలు తగ్గిస్తే కూలీ తగ్గాలన్న రూలేమీ లేదు. నిర్మాణం ఇంకొన్ని వారాలు సాగుతుంది, అంతే.

ఇక పగటి మాట. రాత్రికి నిషేధమైనా ఉంది. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా పదహారు గంటలు, వాటిని చట్టం దాదాపు బిల్డరుకే వదిలేసింది. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు హద్దు. కానీ పగటి మోత మీద ఫిర్యాదు చేయాలంటే అది హద్దును కనీసం పది డెసిబెళ్లు దాటి ఉండాలి, అంటే 65. పైగా ఆ లెక్క సగటు లెక్క. ఒక గంట 75 డెసిబెళ్ల మోత మోగి, మిగతా పదిహేను గంటలు కాలనీ నిశ్శబ్దంగా ఉందనుకోండి. పదహారు గంటలకు సగటు తీస్తే 63 దగ్గర తేలుతుంది. ఆ ఒక్క గంటలోనే అమ్మమ్మకు తల పగిలిపోయినా, రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సు లేచి కూర్చున్నా, కాగితం మీద ఎవరికీ బాధ లేదు. పీడకల ఒక గంటే వచ్చింది, సగటున మీరు హాయిగానే పడుకున్నారు అన్నట్టు.

రాత్రి విషయంలో మాత్రం 2010 సవరణ మాకు ఒక మేలు చేసింది. రాత్రి ఆంక్షల్ని మీరితే చాలు, ఫిర్యాదు చేయవచ్చు, డెసిబెళ్ల లెక్క చూపనక్కర్లేదు. ఈ సంగతి కాలనీల్లో చాలామందికి తెలియదు. ఫోనులో సౌండ్ మీటరు యాప్ పెట్టుకుని బాల్కనీలో చేయి చాచి నిలబడే పెద్దమనుషులు ఇకనైనా లోపలికి పోయి అదే ఫోనులో ఫిర్యాదు చేయగలరు. ఎవరికి చేయాలన్నదే మిగిలింది.

బయటి దేశాల సంగతి ఎత్తితే చిన్నబుచ్చుకోకండి, అది మన ఇళ్ల సంగతే. న్యూయార్క్ నగరంలో మామూలు రోజుల్లో నిర్మాణ పని ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకానే. అది దాటాలంటే వేరే అనుమతి తెచ్చుకోవాలి. సింగపూర్ ప్రభుత్వ ఫ్లాట్లలో గోడలు పగలగొట్టడంలాంటి మోత పనులు శని, ఆదివారాల్లో కుదరవు. మా పక్క ప్లాటులో ఇల్లు కట్టిస్తున్న అబ్బాయి అలాంటి ఊళ్లోనే ఉంటాడు. అక్కడ శనివారం పొద్దున హాయిగా ముసుగుతన్ని పడుకుని, ఇక్కడి మేస్త్రీకి వీడియో కాల్ చేసి "ఇంకా ఎందుకు లేటవుతోంది?" అని అడుగుతాడు. మంచివాడే. వాళ్ల నాన్నకు మందులు మేమే తెచ్చిపెడుతుంటాం. అతను ఇక్కడ చేస్తున్న పని అక్కడ చేయడు, ఎందుకంటే అక్కడ చేయనివ్వరు.

కనుక తమరు ఏటా ఒక నగర పంచాంగం వెలువరించాలని ప్రార్థిస్తున్నాం. గణితం మేమే చేసిపెట్టాం, ముద్ర వేస్తే చాలు.

అమృత ఘడియలు: రాయి కొట్టడం, కోత, డ్రిల్లింగులాంటి మోత పనులకు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా. ఇటుక పేర్చడం, ప్లాస్టరింగు, రంగులులాంటి మెత్తని పనులకు 7 నుంచే శుభం.

వర్జ్యం: మధ్యాహ్నం 1 నుంచి 2.30 దాకా. రాహువుకు ఇస్తున్న గంటన్నరే, పసిపిల్లలకూ ముసలివాళ్లకూ కూడా ఇవ్వండి. కూలీలూ నీడన కూర్చుని నాలుగు మెతుకులు తింటారు.

మూఢం: ఆదివారం పూర్తిగా.

శూన్యమాసం: పదో తరగతి, ఇంటర్ పిల్లలు పుస్తకాల ముందు కూర్చునే మార్చి నెలలో మోత పనులు సాయంత్రం 5 కే ముగించాలి.

శాంతి: స్లాబ్ పడే రోజుకు మినహాయింపు. రెండు రోజుల ముందు ఇంటింటికీ చెప్పి, ఎప్పటికి ముగుస్తుందో కాగితం మీద రాసివ్వాలి. రద్దీ తగ్గే మధ్యాహ్నం వేళ సామాను లారీలను నగరంలోకి రానివ్వాలి.

దోష పరిహారం: జరిమానా ఒక్కటే వద్దు. చదరపు అడుగుకు కొన్ని పైసల లెక్కన అది ఫ్లాటు ధరలో కలిసిపోయి, చివరికి కొన్నవాడే కడతాడు. వేళ దాటిన సైటులో మర్నాడు పని ఆపించండి. ఒక రోజు ఆగితే ఎంత నష్టమో బిల్డరుకు కాలిక్యులేటరు లేకుండానే తెలుసు.

ఈ వేళలు ఇంటి అనుమతి పత్రం మీదే ముద్రించాలి. సైటు గేటు మీద బోర్డుకు కూడా ఎక్కాలి, కింద బాధ్యుడి ఫోన్ నంబరుతో సహా. ఇప్పుడున్న బోర్డు మీద పచ్చిక మధ్య నవ్వుతూ నడిచే కుటుంబం బొమ్మ ఉంది. వాళ్ల మొహాలు చూస్తే కంటినిండా నిద్రపోయినవాళ్లలా ఉన్నారు. వాళ్లెక్కడుంటారో కనుక్కుంటే మేమూ అక్కడికి మారతాం.

చివరగా ఒక విన్నపం. 2020లో తెలంగాణలో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ఇల్లు కట్టుకునేవారికి ఎంతో వెసులుబాటిచ్చింది. 75 చదరపు గజాల లోపు స్థలమైతే అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల దాకా సొంత ధ్రువీకరణతో అప్పటికప్పుడే అనుమతి. అది దాటితే 21 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. కట్టేవారి మాట మీద అంత నమ్మకం ఉంచిన ప్రభుత్వం పడుకునేవారి మాట మీదా కాస్త ఉంచాలి. మాకు నిద్ర అవసరమని ఇందుమూలంగా సొంతంగా ధ్రువీకరిస్తున్నాం. నమోదు రుసుము కింద రూపాయి నాణెం జతపరిచాం. నేటి నుంచి 21 రోజుల్లో తమ జవాబు రాకపోతే, పై పంచాంగాన్ని తమరు ఆమోదించినట్టే భావించి, సంతకం స్థలం ఖాళీగా వదిలి, పక్క సైటు గేటుకు అతికిస్తాం. తమరెవరో ఆ తర్వాతైనా తేలితే, వచ్చి సంతకం పెట్టవచ్చు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక కాలనీ నివాసి

నకళ్లు: 1. పక్క ప్లాటు యజమాని గారికి, వాట్సాప్ ద్వారా, వారి ఊళ్లో తెల్లారాక. 2. మేస్త్రీ గారికి, చేతికి. 3. బ్రేకరు ఆపరేటరు గారికి, అరిచి చెబుతాం.