రంగు రాలేదేటి?

"ఏటి బాబూ, రంగు రాలేదేటి? మిషను పాడైపోనాదా?"

పదిహేను రోజుల కిందట విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటు ఓనరు అడిగిన ఈ ప్రశ్న జోరీగలా నా చెవిలో దూరింది, ఇంకా బయటికి రాలేదు. అతనొక్కడే అని ఉంటే దులిపేసుకునేవాణ్ణి. పాలవాడూ అన్నాడు. ఇస్త్రీ అబ్బాయీ అన్నాడు. మా బావమరిది అయితే పనిగట్టుకుని ఫోన్ చేసి మరీ అన్నాడు. రిటైరయ్యాక బ్లాక్ అండ్ వైట్ ఫొటోగ్రఫీలో కాస్త చెయ్యి తిప్పుకుందామని బయల్దేరితే, ఊరందరికీ నేను రంగు బాకీపడ్డట్టు నిలదీస్తున్నారు.

బోటు ఓనరుని తప్పుపట్టలేను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరమ్మతులూ రంగులూ ఆ ఖాళీలోనే కానివ్వాలి. అతను వడ్డీకి డబ్బు తెచ్చి, నీలం, ఎరుపు, ఆకుపచ్చ పట్టించి, బోటుని పెళ్లికూతుర్లా ముస్తాబు చేసి, "ఒక ఫొటో తియ్యండి బాబూ" అన్నాడు. మర్నాడు ప్రింటు తెచ్చి చేతిలో పెట్టాను. మూడు రంగులూ కలిసి ముద్దయిపోయి ఒకే బూడిద. పెళ్లికూతురు బొగ్గుల బస్తాలా ఉంది.

మిషను బాగానే ఉంది, తప్పు నాది. ఎరుపూ ఆకుపచ్చా కంటికి పామూ ముంగిసల్లా కనిపిస్తాయి గాని, వెలుతురు లెక్కలో ఒక్కోసారి రెండూ ఒకే తూకం తూగుతాయి. రంగు తీసేస్తే కవలపిల్లలు. ఇంట్లోనూ ఇదే అయింది. ఎర్ర అంచు ఆకుపచ్చ చీరలో తీసిన ఫొటో చూసి మా ఆవిడ, "ఏవండీ, అంచు చూసే కదా అంత డబ్బు పోసింది, అదేదీ?" అంది. రంగుని మరిచి వెలుగునీడలే చూడటం రావాలంటే కళ్లు సగం మూసి చూడమంటారు తెలిసినవాళ్లు. ఆర్కే బీచ్‌లో ఒక సాయంత్రం ఆ సాధన మొదలుపెట్టాను. ఎవరో పెద్దావిడ జాలిపడి నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.

తర్వాత ఎర్ర ఫిల్టరు కొన్నాను. అది నీలాన్ని అడ్డుకుంటుంది కాబట్టి ఆకాశం నల్లబడి, మబ్బులు తెల్లగా పొంగి, ప్రళయం ముంచుకొస్తున్నట్టు ఉంటుంది. అంతవరకే చదివి బయల్దేరాను. ఎర్రటివాటిని తెల్లబరుస్తుందన్న ముక్క పేజీ తిప్పితే ఉందట. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర రోజంతా ఎండలో మాడి తీసిన ఫొటోలు చూసి మా బావమరిది, "కశ్మీర్ ఎప్పుడెళ్లారు బావగారూ? మాటమాత్రమైనా చెప్పలేదు" అన్నాడు.

సరే, ఇక మా బనియన్ల సంగతి చెప్పాలి. దానికి ముందు మీటరు సంగతి.

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకి లోకమంతా ఒకటే: నూటికి పద్దెనిమిది పాళ్లు వెలుతురు తిప్పికొట్టే మధ్యరకం బూడిద. తెల్ల ఆవుని చూపిస్తే బూడిదావుని చేస్తుంది, నల్ల గేదెని చూపిస్తే బూడిదగేదెని చేస్తుంది. అందుకని తెల్లదానికి వెలుతురు ఒకటి రెండు స్టాపులు పెంచాలి, నల్లదానికి తగ్గించాలి. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అని ఇద్దరు 1940 ప్రాంతంలో కటిక నలుపు నుంచి కాగితం తెలుపు దాకా సున్నా మొదలు పది వరకు పదకొండు మెట్లు కట్టి, జోన్ సిస్టమ్ అని పేరు పెట్టారు. నడిమి మెట్టు ఐదోది. మీటరు మనసుపడ్డ బూడిద అదే. సరిచూసుకోవడానికి ఆ రంగు అట్ట దుకాణాల్లో అమ్ముతారు. ధర అడిగి, అట్ట అక్కడే పెట్టేసి వచ్చాను. ఎందుకంటే మాది రేవు పక్కనున్న వన్‌టౌన్, దుమ్ముకి కొదవలేదు.

మా మేడమీద తెల్ల బనియను ఆరేస్తే చాలు. పొద్దున్న ఆరింటికి అది తొమ్మిదో జోను. కాఫీ తాగి వచ్చేసరికి ఎనిమిది. తియ్యడం మరిచిపోతే మూడోనాటికి సరిగ్గా ఐదు, పైసా ఖర్చు లేకుండా. దీని అంతు తేల్చాలని ఏడు బనియన్లు తీసుకుని, రోజుకొకటి చొప్పున ఆరేసి, ఒక్కోదానికి తేదీ చీటీ కట్టాను. గాలి సముద్రం మీదనుంచి వస్తే ఎంత, రేవు మీదనుంచి వస్తే ఎంత అని నోటుబుక్కులో రాశాను. ఎదురింటివాళ్లు, "మీ ఇంటికి చుట్టాలెవరైనా వచ్చారా?" అని అడిగారు. నాలుగో జోను బనియనుతో పనిమనిషి హాలు తుడిచేసింది. బనియను మూడుకి దిగింది, హాలు ఆరుకి ఎక్కింది. ప్రయోగం బనియన్లతో ఆగితే బాగుండేది. మూత పెట్టని ఇడ్లీ ఏడో జోను. కిటికీ పక్కన పడుకున్న తెల్లపిల్లి ఆరు. మా పేటలో ఇన్నేళ్లుగా జోను మారనిది విక్టోరియా రాణి కంచు విగ్రహం ఒక్కటే. ఆవిడ మొదట్నుంచీ రెండే.

ఈ దుమ్ము ఎవరిదో నన్నడక్కండి. ఎవర్నడిగినా మాది కాదంటారు. ఎవరిదీ కాని దుమ్ము మా వీధిలో అందరిదీ. నీళ్లు చల్లుతున్నారనీ, పట్టాలు కప్పుతున్నారనీ పేపర్లో చదువుతుంటాను. ఆ పేపరూ సాయంత్రానికి ఆరో జోను. నేను తీసిన ఫొటోల్ని ఎవరూ రెండోసారి చూడలేదు గాని, నన్ను తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఒకటుంది. డాక్టరుగారు దాన్ని లైటు పెట్టెకి తగిలించి చాలాసేపు చూశారు. రంగేదని అడగలేదు. "అక్కడ ఎన్నేళ్లనుంచి ఉంటున్నారు?" అన్నారు.

మనుషుల్ని తియ్యడం ఇంకో గొడవ. స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరైన పక్కవీధి పెద్దాయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెలుతురు ఒక చెంప మీదే పడేట్టు తీసి, మురిసిపోయి మా పేట వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గంటలో పద్నాలుగు "ఓం శాంతి"లు. "ఎన్నింటికి తీస్తున్నారు?" అని ఒకాయన. చివరికి ఆ పెద్దాయనే, "నేను టిఫిన్ చేస్తున్నానండీ" అని పెట్టారు. దాని కిందా ఎవరో రెండు చేతులు జోడించారు.

"మాయాబజార్‌కే 2010లో రంగులేశారు, మీవెంత బావగారూ?" అన్నాడు బావమరిది.

నాకు ఒళ్లు మండింది. "1957లో దాని కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ ఆ నలుపు తెలుపులతోనే వెన్నెల కాయించాడురా! అదీ పోనీ, కలర్ వచ్చి పాతబడ్డాక 1978లో బాలచందర్ మన విశాఖ, భీమిలి తీరాల్లో మరోచరిత్రని బ్లాక్ అండ్ వైట్‌లోనే తీస్తే జనం విరగబడి చూశారు. రంగు లేదని ఎవరైనా టిక్కెట్టు డబ్బులు వెనక్కడిగారా?"

"దాంట్లో కమల్‌హాసన్ ఉన్నాడు కదా" అన్నాడు.

ఆ కోపం మీదే పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే, పెళ్లైన కొత్తలో అమ్మా నాన్నా స్టూడియోలో దిగిన ఫొటో బయటపడింది. అమ్మ పట్టుచీర కట్టుకుంది. అంచు అంచులా, బుటాలు బుటాల్లా వేటికవే విడిగా తెలుస్తున్నాయి. తీసినవాడు నాకంటే పనివాడు. ప్రింటు కడిగినవాడు మాత్రం హైపో మందు పూర్తిగా వదలగొట్టలేదు, చుట్టూ పసుపెక్కింది. ఆ ఫొటోలో ఉన్న రంగు అదొక్కటే. చీర రంగేమిటో ఎంతసేపు చూసినా అంతుపట్టలేదు. ఆ కుచ్చిళ్లు పట్టుకునే నడక నేర్చి ఉంటాను, గుర్తులేదు. చెప్పగలిగిన ఇద్దరూ ఫొటోలోనే ఉన్నారు. రంగేదని ఈసారి అడిగింది నేనే.

మర్నాడు హార్బర్‌కి వెళ్లి, బోటు ఓనరు దగ్గర ప్రింటు అడిగి తీసుకుని వెనకవైపు రాశాను: "పైన నీలం, మధ్యలో ఎరుపు, కింద ఆకుపచ్చ." అతను చదివి, "ఈమాత్రానికి కలర్లోనే తీసేస్తే పోయేది కదేటి బాబూ" అన్నాడు.

నేను మానను. మీరూ తియ్యండి. కానీ తీసిన ప్రతి ఫొటో వెనకా ఎవరు ఏ రంగు కట్టుకున్నారో రాసిపెట్టండి. మెత్తటి పెన్సిలుతో రాయండి. పెన్నుతో రాస్తే సిరా ఇవతలికి ఊరుతుంది.