మేజోళ్ల పెద్దాయన

మేజోళ్ల పెద్దాయన న్యూజెర్సీ పార్కుల్లో మే నుంచి జులై దాకా విరివిగా కనిపిస్తాడు. కొడుకు దగ్గర ఆరు నెలలుందామని వచ్చినవాడు. లేతరంగు ప్యాంటు, దాని అంచులు మేజోళ్లలోకి దోపి ఉంటాయి. మనవలకు తలవంపులే గానీ పద్ధతి మాత్రం సరైనదే. భయమంతా పిడుదుతోనే. అది ఎగరదు, గెంతదు. గడ్డిపరక కొసన ముందుకాళ్లు చాచుకుని కూర్చుని, రాసుకుపోయిన కాలిని పట్టుకుని పైకి పాకుతుంది. లేతరంగు బట్ట మీదైతే ఇట్టే కనబడుతుంది.

ఊళ్లో గేదె చెవుల్లోంచి పిడుదులను గోళ్లతో పీకి రాతిమీద నలిపింది ఈయనే. ఇక్కడ దాన్ని టిక్కు అంటారని, ఎదిగీ ఎదగనిది గసగసమంతే ఉంటుందని, కుడితే లైమ్ జబ్బు రావచ్చని కోడలు చెప్పిన రోజు నుంచి ఇంట్లో గసగసాల కూర బంద్.

బాటకు నట్టనడుమ నడుస్తాడు. ఎదురుగా పరుగు తీసేవాళ్లొచ్చినా తప్పుకోడు. పక్కన గడ్డి ఉంది మరి. పిడుదు మందుల్లో డీట్ ఒంటికి, పర్మెత్రిన్ బట్టలకు మాత్రమే. తారుమారు కాకుండా డబ్బాల మీద ‘ఒంటికి’, ‘గుడ్డలకి’ అని చీటీలు అంటిస్తాడు.

ఇల్లు చేరగానే బట్టలు డ్రయర్లోకి పోతాయి. పొడిబట్టలైతే పది నిమిషాల గట్టి వేడికి పిడుదులు చస్తాయి. ఉతక్కముందే ఆరబెట్టడమేమిటో ఆయన భార్యకు అంతుబట్టదు. స్నానమయ్యాక తనిఖీ: చంకలు, నడుము, మోకాళ్ల మడతలు, చెవుల వెనక. టార్చి ఆవిడ చేతిలో ఉంటుంది.

“ఇదేంటండీ, నల్లగా?”

“పుట్టుమచ్చే! పెళ్లినాటి నుంచీ ఉంది.”

“కాస్త జరిగినట్టుందీ...”

నిజంగా దొరికినప్పుడు మాత్రం చదివిందంతా మరిచి వేపనూనె తెమ్మంటాడు, లేదంటే అగరొత్తి నిప్పు. రెండూ తప్పే, చిరాకెత్తిన పిడుదు గాయంలోకి క్రిములను కక్కే ప్రమాదముంది. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిటారుగా లాగాలి. ఆ పని కోడలే చేస్తుంది. కరుచుకున్న 24 గంటల్లోపు తీసేస్తే లైమ్ సోకడం అరుదు. అయినా జ్వరం, ఎర్రగా వలయంలా పాకే దద్దురు కనబడతాయేమోనని 30 రోజులు కనిపెట్టి ఉండాలి. కనబడితే డాక్టరు దగ్గరికి. పెద్దాయన ఆ నెలంతా గోడమీది తెలుగు క్యాలెండర్లో రోజుకో టిక్కు పెడతాడు.