అప్పిచ్చేవాడికి క్లాసు పీకేదెవరు?

కోరుకొండ తీర్థం ఫాల్గుణంలో. ఇంచుమించు ఆ రోజుల్లోనే రిజర్వు బ్యాంకు వారి ఆర్థిక అక్షరాస్యత వారం కూడా వస్తుంటుంది. తీర్థానికి జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు. అక్షరాస్యతకి డ్వాక్రా మహిళలను కూడగట్టుకుని రావాలి. ఆదాయానికి మించి అప్పు చేయకండమ్మా, ఒకచోట తెచ్చి ఇంకోచోట కట్టకండమ్మా అని చెప్పి పంపుతారు. మంచి మాటలే, కాదనను. కాకపోతే ప్రతి సంక్షోభం తర్వాతా బెంచీల మీద కూర్చునేది పుచ్చుకున్నవాళ్ళే. ఇచ్చినవాళ్ళ పేర్లు హాజరుపట్టీలో ఉండవు.

ఇచ్చినవాళ్ళ చదువెలా సాగిందో చూడండి. 2006లో కృష్ణా జిల్లాలో వడ్డీల మీద, వసూళ్ళ మీద గోల లేస్తే, అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలు యాభై దాకా మూయించారు. ఇకమీదట బుద్ధిగా ఉంటామని సంస్థలు మాటిచ్చాయి. ఆ మాట తడి ఆరకముందే ఒకే గడపకి నాలుగైదు కంపెనీలు వరస కట్టాయి. ఇంటావిడ సంపాదనెంతో అడిగే పని లేదు, గ్రూపులో ఒకావిడ వాయిదా తప్పితే మిగతావాళ్ళు కట్టాలి కదా! ఇరుగుపొరుగు పరువునే జామీనుగా రాయించుకున్న ఈ తెలివికి ముంబయి షేర్ల బజారు ముచ్చటపడింది. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ అనే సూక్ష్మరుణ సంస్థ షేరు 985 రూపాయలకి అమ్మకానికొస్తే, ఉన్నవాటికి పదమూడు రెట్లు గిరాకీ పలికింది. అక్టోబరు నాటికి ఆత్మహత్యల వార్తలు, వాటి వెనకే రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు. వారం వారం వసూళ్ళు బంద్, గుమ్మం ముందు కూర్చోవడం బంద్, అసలుకి మించి వడ్డీ బంద్. రాష్ట్రంలో వసూళ్ళు పది శాతానికి పడిపోయాయి. అప్పుడు కంపెనీలు తాము బ్యాంకుల దగ్గర తెచ్చిన అప్పు కట్టలేమన్నాయి. స్పందన, షేర్ లాంటి సంస్థలకి బ్యాంకులు రుణ పునర్వ్యవస్థీకరణ అనే గంభీరమైన పేరుతో గడువు పొడిగించాయి. అదే పని ఒక కూలి మనిషి చేస్తే ఎగవేత, కంపెనీ చేస్తే పునర్వ్యవస్థీకరణ! 2008లో అమెరికా అయినా ఇంతే: ఇల్లు పోయినవాడికి పొదుపు గురించి ఉపన్యాసం, ఇళ్ళప్పులతో జూదమాడిన బ్యాంకులకి 70,000 కోట్ల డాలర్ల పథకం.

ఎవరూ మెడ మీద కత్తి పెట్టి అప్పివ్వలేదు కదా అంటారు. నిజమే. కానీ కట్టగలడో లేదో లెక్క కట్టడం అప్పిచ్చేవాడి వృత్తి, దానికే వడ్డీ పుచ్చుకుంటాడు. ఆ లెక్క మానేసి వడ్డీ మాత్రం పుచ్చుకుంటే ఇక అది వ్యాపారం ఎలా అవుతుంది? రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. ఆర్డినెన్సు మంచి కంటే చెడే ఎక్కువ చేసిందంటారు. ఇక్కడ దెబ్బతిన్న కంపెనీలు వేరే రాష్ట్రాల్లో అప్పులు ఆపేస్తే అక్కడి కూలి రేట్లు కూడా పడిపోయాయని ఆర్థికవేత్తలు లెక్కలతో చూపించారు. ఒప్పుకోవలసిందే. అప్పు ఒక్కసారిగా ఎండిపోతే, అప్పే చేయని కూలివాడి కంచంలో కూడా మెతుకులు తగ్గుతాయి. అందుకేనండి, కళ్ళెం వేయాల్సింది ఆగస్టులో, షేరుకి పదమూడు రెట్ల గిరాకీ ఉన్నప్పుడు. అక్టోబరులో వేసినదాన్ని కళ్ళెం అనరు, పంచనామా అంటారు. సర్కారు వారు మాత్రం తక్కువ తిన్నారా? పావలా వడ్డీ అంటూ తామే గ్రూపుల అప్పుల వ్యవహారంలో ఉండి, పక్క దుకాణం మీద కేకలేశారు.

తర్వాత ఈ అప్పుల సంగతి చూడటానికి రిజర్వు బ్యాంకు వేసిన మాలేగాం కమిటీ కూర్చుంది. రిజర్వు బ్యాంకు వడ్డీకి 26 శాతం పరిమితి పెట్టింది, ఒక మనిషికి రెండు సంస్థలకి మించి ఇవ్వకూడదంది. పదకొండేళ్ళు గడిచాక, 2022లో వడ్డీ మీద పరిమితులన్నీ తీసేశారు. సంస్థలవాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, వడ్డీ వాళ్ళే నిర్ణయించుకుంటారన్నారు. వాయిదాలన్నీ కలిపి ఇంటి ఆదాయంలో సగం దాటకూడదని ఒక షరతు మాత్రం పెట్టారు. 2024 అక్టోబరులో వడ్డీలు మరీ మితిమీరాయని అదే రిజర్వు బ్యాంకు నాలుగు సంస్థలకి కొత్త అప్పులు ఆపమని చెప్పాల్సొచ్చింది. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక మన 2010 నాటి దారిలోనే ఆర్డినెన్సు తెచ్చింది. పదిహేనేళ్ళ చదువుకి వచ్చిన ఫలితం ఇదీ.

కాబట్టి ఈసారి మీ ఊళ్ళో అక్షరాస్యత శిబిరం పెట్టి పిలిస్తే తప్పకుండా వెళ్ళండి. టీ తాగండి, కరపత్రం తీసుకోండి. మైకు దగ్గరున్న ఆయన్ని ఒక్కమాట అడగండి: మా ఇంటి ఆదాయం చూడకుండా మూడో అప్పు, నాలుగో అప్పు ఇచ్చిన బ్రాంచి మేనేజరుగారు ఏ వరసలో కూర్చున్నారండీ?