అనుమానం వదిలించుకుని పెన్నీ షేరు కొనడం ఎలా?

కపిలేశ్వరపురం చుట్టుపక్కల అర ఎకరం కొబ్బరితోట కొనేవాణ్ణి ఎప్పుడైనా గమనించారా? అడంగల్ చూస్తాడు, వన్‌బీ చూస్తాడు, ముప్పై ఏళ్ళకి ఈసీ తీయిస్తాడు, లింకు డాక్యుమెంట్లు వకీలు ముందు పరుస్తాడు, సర్వేయర్ని తెచ్చి గట్లు కొలిపిస్తాడు. అదంతా అయ్యాక కూడా పక్క తోటాయన్ని చాటుకి పిలిచి, "ఏవండీ, అన్నదమ్ముల తగువులేమైనా ఉన్నాయాండి?" అని ఆరా తీస్తాడు. కాయ కొన్నా చెవి దగ్గర పెట్టుకుని ఊపి, నీళ్ళ చప్పుడు వినిగానీ సంచిలో వేసుకోడు.

ఇంత అనుమానం పెట్టుకుని షేర్ మార్కెట్లో బాగుపడేదెలాగ? ఏడు రూపాయల సోలార్ షేరు ఏడొందలు అవుతుందని ఫోనులో ఒకాయన గొంతు చించుకుంటుంటే, టీకొట్టు బల్ల మీద కూర్చున్న పెద్దాయన "ఆయ్, అలాగాండీ" అని గ్లాసు పక్కన పెట్టేస్తున్నాడు. దేశమంతా కోటీశ్వరులైపోతుంటే మన మండలం ఒక్కటీ వెనకబడిపోతుంది. అందుకని ఈ వైద్యం రాస్తున్నాను. ముఖ్యంగా కరెంటు, గ్యాస్, గాలిమర, సోలార్ షేర్లకి. వాటి దగ్గరే మనవాళ్ళ అనుమానం బాగా ముదిరి ఉంటుంది. ఎందుకు ముదిరిందో మొదటి పథ్యంలోనే తెలుస్తుంది.

మొదటి పథ్యం: ఊరు కదలకండి.

మరీ ముఖ్యంగా గౌతమి దాటకండి. ఆలమూరు మీదుగా జొన్నాడ వెళ్ళి వంతెన దాటితే రావులపాలెం, ఆ మండలంలోనే దేవరపల్లి. అక్కడ కోనసీమ పేరే పెట్టుకున్న గ్యాస్ కరెంటు ప్లాంటు ఒకటి ఉంది, 445 మెగావాట్లది. గ్యాస్ అందక మూలపడి, చివరికి దివాలా కోర్టు మెట్లెక్కింది. ఇటు సామర్లకోట వైపు కూడా పోవద్దు. అక్కడ రిలయన్స్ పవర్ వారు దాదాపు 2,400 మెగావాట్ల ప్లాంటు మొదలుపెట్టారు. యంత్రాలు అమెరికా కంపెనీ నుంచి వచ్చాయి, చిమ్నీలు లేచాయి, గ్యాస్ ఒక్కటే రాలేదు. తర్వాత ఆ యంత్రాల్లో కొన్నిటిని బంగ్లాదేశ్‌లో కడుతున్న ప్లాంటుకి తరలించారు. బండి మీద రెండు గంటలు ప్రయాణం చేస్తే ఇదంతా కళ్ళారా చూడొచ్చు. అందుకే వద్దంటున్నాను. కళ్ళతో చూసినవాడికి అనుమానం తగ్గదు.

చూసొచ్చినవాడు ఊరుకోడు. "మన కింద గ్యాస్ ఉంది కదా, మరి ప్లాంట్లెందుకు ఆగాయి?" అంటాడు. గ్యాస్ ఉందని కోనసీమకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న పాసర్లపూడి బావి దగ్గర లేచిన మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం ఊళ్ళో గెయిల్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఈ రెండు వాక్యాల్లో వెటకారం లేదు.

ఉన్న గ్యాస్ వేరు, ఉందని చెప్పిన గ్యాస్ వేరు. మన తీరానికి ఎదురుగా సముద్రంలో కేజీ డీ6 బ్లాకులో 2002లో రిలయన్స్‌కి గ్యాస్ దొరికింది. 2009 ఏప్రిల్‌లో తీయడం మొదలైంది. రోజుకి 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందన్న లెక్క మీద ఎక్కడెక్కడి ప్లాంట్లో లేచాయి, బ్యాంకులు అప్పులిచ్చాయి. 2010లో 6 కోట్లు దాటింది, అంతే, అక్కణ్ణుంచి జారడం మొదలుపెట్టి, నాలుగేళ్ళు తిరక్కుండానే అనుకున్నదాంట్లో ఐదో వంతుకి కూడా కొరగాకుండా పోయింది. అంతకుముందు 2005లో గుజరాత్ ప్రభుత్వ కంపెనీ జీఎస్పీసీ మన సముద్రంలోనే 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని ప్రకటించింది. తర్వాత లెక్క తేలితే అందులో పదో వంతు. ఆ బ్లాకులో 80 శాతం వాటాని చివరికి ఓఎన్జీసీ కొనుక్కుంది. నేలకి చిల్లు పెట్టి చూసిన ఇంజనీర్లకే కింద ఎంతుందో అంతుచిక్కలేదు. యూట్యూబ్‌లో ఎర్ర బాణం గుర్తు పెట్టి మాట్లాడే కుర్రాడికి మాత్రం వచ్చే దీపావళి నాటికి షేరు ఎంతుంటుందో పైసలతో సహా తెలుసు. మీరు నమ్మవలసింది ఆ కుర్రాణ్ణి.

రెండో పథ్యం ఇంట్లోవాళ్ళ గురించి. షేరు కొనేముందు మీ నాయనమ్మకి చెప్పొద్దు. ఆవిడ అడిగేది ఒకే ఒక్క ప్రశ్న: "ఏం తయారుజేత్తారండి ఆళ్ళు?" దీనికి జవాబు చెప్పగలిగిన పెన్నీ షేరు నాకింతవరకూ తగల్లేదు. నిరుడు బట్టల వ్యాపారం, మొన్న ఐటీ, ఇవాళ గ్రీన్ హైడ్రోజన్. బోర్డు మారింది, గది అదే.

ఫ్యాక్టరీకి వెళ్ళి చూసొద్దామన్న దుర్బుద్ధి కూడా పుట్టకూడదు. జెన్సోల్ ఇంజనీరింగ్ అని సోలార్ పనులు చేసే కంపెనీ 2025 జనవరిలో తన ఎలక్ట్రిక్ కార్లకి 30,000 ఆర్డర్లు వచ్చాయని చెప్పుకుంది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తీసి చూస్తే అవి ఒట్టి ఎంఓయూలు, ధర లేదు, డెలివరీ తేదీ లేదు. స్టాక్ ఎక్స్ఛేంజీ ఎన్ఎస్ఈ మనిషి ఏప్రిల్‌లో పుణె దగ్గరి ప్లాంటుకి వెళితే ఇద్దరు ముగ్గురు కూలీలు తప్ప ఎవరూ లేరు. కార్లు కొనడానికని ప్రభుత్వ సంస్థలిచ్చిన అప్పు సొమ్ములో కొంత తిరిగి తిరిగి గురుగ్రామ్‌లో 40 కోట్లు దాటిన ఫ్లాటుకి చేరిందని సెబీ ఉత్తర్వులో రాసింది. ఇది పెన్నీ షేరు కూడా కాదు, వెయ్యి రూపాయలు పలికిన షేరు. పెద్ద షేరే అలా ఉంటే చిన్నవాళ్ళ ఫ్యాక్టరీలు చూసి ఏం లాభం? పెట్రోలు దండగ.

ఇక కథ వినడం నేర్చుకోవాలి. కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల ఉంది. అక్కడ ఆడపిల్లలు చిరతలు పట్టి కథ చెప్పడం నేర్చుకుంటారు. చెప్పే అమ్మాయికి అది కథేనని తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు, పళ్ళెం తిరిగినప్పుడు ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు. షేర్ కథలో పళ్ళెం ముందే తిరుగుతుంది, అదొక్కటే తేడా. 2022 జూలైలో సాధనా బ్రాడ్‌కాస్ట్ అనే చిన్న టీవీ కంపెనీ గురించి యూట్యూబ్‌లో వీడియోలు వచ్చాయి. అదానీ కొనేస్తున్నాడన్నారు. ఓ అమెరికా కంపెనీ 1,100 కోట్లు పెట్టి దీని చేత నాలుగు భక్తి సినిమాలు తీయిస్తోందన్నారు. భక్తి సినిమాలకి అమెరికావాడు పదకొండు వందల కోట్లు! మన పాఠశాలలో కథ చెప్పే అమ్మాయికి ఎవరైనా ఈ సంగతి చెప్పి ఉంటే ముందు నవ్వేది, తర్వాత అడ్రసు అడిగేది. కానీ ఆ కంపెనీ చిన్న వాటాదారులు 2,167 మంది నుంచి 55,343 మంది అయ్యారు. వీళ్ళు కొంటున్నప్పుడు అమ్మినవాళ్ళెవరంటే ప్రమోటర్లూ, వాళ్ళ మనుషులూ. 2023 మార్చిలో సెబీ ముప్పై ఒక్క మందిని మార్కెట్ నుంచి నిలిపేసింది. ఈ చివరి భాగం వీడియోల్లో రాదు కాబట్టి మీ చికిత్సకి ఇబ్బంది లేదు.

"రెండు రూపాయల షేరు ఇంకెంత పడుతుంది?" అన్న మంత్రాన్ని రోజూ పొద్దున్నే కాలువ గట్టున నడుస్తూ జపించండి. ఈ మంత్రం పనిచేయాలంటే కంపెనీకి ఎన్ని షేర్లున్నాయో లెక్క చూడకూడదు. గాలిమరల కంపెనీ సుజ్లాన్‌కి 1,300 కోట్లకు పైగా ఉన్నాయి. షేరు ధరని ఆ అంకెతో గుణిస్తేగానీ మీరు కొంటున్నది చవకో ప్రియమో తెలీదు, గుణిస్తే మంత్రం పోతుంది. సుజ్లాన్ పేరు మాత్రం వదలొద్దు, ఈ మతానికి అది స్థలపురాణం. 2008 మొదట్లో 400 దాటిన షేరు, 2020 మార్చిలో రెండు రూపాయల లోపుకి దిగి, 2024 సెప్టెంబరుకి మళ్ళీ 80 దాటింది. "అడుగున కొన్నవాడు చూడు!" అని చెప్పండి. అడుగున అమ్ముకున్నవాడు ఎవడో ఉంటేనే కదా వీడు కొన్నది అని ఎవరైనా అంటే మాట మార్చండి. అలాగే మన లాంకో ఇన్‌ఫ్రాటెక్ ఊసు ఎత్తకండి. 2006లో 240 రూపాయలకి జనానికి షేర్లమ్మి, కరెంటు రంగంలో పెద్ద పేరు తెచ్చుకున్న ఆ హైదరాబాద్ కంపెనీని 2018 ఆగస్టులో దివాలా కోర్టు అయిన ఎన్‌సీఎల్‌టీ లిక్విడేషన్‌కి పంపింది. దాన్ని రూపాయికి కొన్నవాళ్ళూ "ఇంకెంత పడుతుంది?" అనే కొన్నారు.

సామర్లకోట ప్లాంటు కంపెనీ గురించి కూడా ఓ మాట. 2008 జనవరిలో రిలయన్స్ పవర్ ఇష్యూకి చిన్న మదుపరులు 430 రూపాయల చొప్పున కట్టారు. 73 రెట్లు దరఖాస్తులు వచ్చాయి. ఫిబ్రవరి 11న లిస్టయిన రోజే 372 రూపాయల 50 పైసల దగ్గర ముగిసింది. ఆ తర్వాత ఐదు షేర్లకి మూడు బోనస్ ఇచ్చి ఊరడించారు. 2020 మార్చికి రెండు రూపాయల లోపు. పెన్నీ షేర్లన్నీ పెన్నీ షేర్లుగా పుట్టవు. కొన్ని పట్టు పావడా కట్టుకునే పుడతాయి.

సర్క్యూట్లకి భయపడకూడదు. అప్పర్ సర్క్యూట్ అంటే షేరు ఆ రోజుకి పెట్టిన హద్దు దాకా, ఇలాంటివాటికి తరచుగా 5 శాతం, పెరిగి ఆగిపోవడం. కొందామంటే అమ్మేవాడుండడు, కాబట్టి ఆత్రం పెరుగుతుంది. అలా 15 రోజులు ఆగకుండా పోతే డబ్బు రెట్టింపు. ఆ పదిహేను రోజులూ కొనలేకపోయిన మీకు పదహారో రోజున హఠాత్తుగా ఎన్ని కావాలంటే అన్ని షేర్లు దొరుకుతాయి. ఎంత ఉదారమైన మనుషులో! ఎక్స్ఛేంజీ వాళ్ళు ఏఎస్‌ఎం, జీఎస్‌ఎం అంటూ ఎర్రజెండా జాబితాలో పెట్టారా? "పెద్దవాళ్ళు మనల్ని కొనకుండా ఆపుతున్నారు" అనుకోండి. తర్వాత లోయర్ సర్క్యూట్ మొదలవుతుంది. అప్పుడు కొనేవాడుండడు. 14 రోజుల్లో సగం. అమ్మకానికి ఆర్డరు పెట్టి పొద్దున తొమ్మిదింపావుకి ఫోను చూస్తే మీ ముందు లక్షల షేర్లు క్యూలో ఉంటాయి. ఆ సమయంలో వాట్సాప్ గ్రూపులో "హోల్డ్, యావరేజ్ చేయండి" అని రెండు ముక్కలు వస్తాయి. మూడోనాటికి గ్రూపు కనిపించదు. యావరేజ్ చేయడమంటే పడుతున్నదాన్ని ఇంకా కొనడం. ఆక్వాలో రొయ్య తెల్లమచ్చకి పోతుంటే ఇంకో లక్ష పిల్లని వదిలే రైతు మన జిల్లాలో లేడు, అందుకే ఈ విద్య మనవాళ్ళకి త్వరగా పట్టుబడదు. ఓపిక పట్టాలి.

పగలంతా షేర్లతో అయ్యాక రాత్రికి సరుకుల ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్ ఉంది. మన నేల కింద గ్యాస్ ఉంది కాబట్టి గ్యాస్ ధర గురించి మనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని ధైర్యం చేయండి. ఎంసీఎక్స్‌లో నాచురల్ గ్యాస్ ధర నడిచేది అమెరికాలోని లూసియానాలో ఉన్న హెన్రీ హబ్ వెంట. చికాగోలో చలి పెరిగిందా, టెక్సాస్‌లో తుపాను వచ్చిందా, గురువారం అక్కడి ప్రభుత్వం నిల్వల లెక్క ఏం చెప్పింది, ఇదీ సంగతి. ఆ లెక్క మనకి రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో వస్తుంది, సరిగ్గా అన్నాల వేళకి. ఒక లాటుకి ధర ఒక్క రూపాయి కదిలితే 1,250 రూపాయలు చేతులు మారతాయి. పాసర్లపూడి పైపులో పోయే గ్యాస్‌కి ఆ తెర మీది అంకెతో సంబంధం లేదు, దాని ధర ఢిల్లీలో సూత్రం ప్రకారం కడతారు. ఈ ముక్క తెలిసినవాళ్ళు మండలంలో ఉన్నారు, ఓఎన్జీసీలో కాంట్రాక్టు పని చేసొచ్చిన కుర్రాళ్ళు. వాళ్ళతో మాట్లాడకండి.

క్రూడాయిల్ ఇంకా మంచిది. ధర సున్నా కంటే కిందకి పోదు కదా అని 2020 ఏప్రిల్ 20న కొన్నవాళ్ళున్నారు. లాక్‌డౌన్ వల్ల ఆరోజు ఎంసీఎక్స్ సాయంత్రం ఐదుకే మూసేశారు. అప్పటికి బ్యారెల్ 965 రూపాయలు. రాత్రి అమెరికాలో ధర సున్నా దాటి కిందకి పోయింది. మనవాళ్ళు నిద్రలో ఉండగా కాంట్రాక్టు మైనస్ 2,884 రూపాయల దగ్గర సెటిలైంది. అంటే కొన్నవాడు కొన్న ధర మొత్తం పోగొట్టుకోవడమే కాదు, ఎదురు డబ్బు కట్టాలి. ఇలాగే షేర్ల మీద ఫ్యూచర్స్, ఆప్షన్స్, అంటే ఈక్విటీ ఎఫ్‌ అండ్ ఓ ఆడిన వ్యక్తిగత మదుపరుల్లో 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో నూటికి 93 మంది నష్టపోయారనీ, మొత్తం లక్షా 80 వేల కోట్లు పైచిలుకు పోయిందనీ సెబీ లెక్క తీసింది. మీరు మిగతా ఏడుగురిలో ఒకరని మీకు తెలుసు. 93 మందికీ అదే తెలుసు.

ఇంత మందు వేసినా అనుమానం పోని మొండిఘటాలు కొందరుంటారు. టిప్పు ఇచ్చినాయనకి సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ వెబ్‌సైట్లో వెతుకుతారు. మూడు నెలలకోసారి కంపెనీ ఇచ్చే షేర్‌హోల్డింగ్ వివరాలు బీఎస్ఈ సైట్లో తీసి, ప్రమోటరు వాటా తగ్గుతుందా, చిన్నవాళ్ళ సంఖ్య ఉన్నట్టుండి పెరిగిందా అని చూస్తారు. వాటా తాకట్టులో ఉందా అని అడుగుతారు. తోట కొన్నట్టే కొంటారు, లేదా కొనకుండా లేచి వెళ్ళిపోతారు. అలాంటివారి కోసం, ఇప్పటికే మోసపోయినవారి కోసం కూడా, సెబీ టోల్ ఫ్రీ నంబరు 1800 266 7575. తెలుగులోనే అడగొచ్చు.