ప్రతులకు: రచయిత, పరవాడ (ఒక ముద్రణ పుటకు టీకా తాత్పర్యం)

మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథ సూరి కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ రెండు ఒట్లు పెట్టుకున్నాడు. మూలంలో ఆధారం లేనిది రాయనన్నాడు, అక్కర్లేనిది చెప్పనన్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు, చేతిలో కాళిదాసూ లేడు. ఉన్నదల్లా సొంత ఖర్చుతో అచ్చయిన ఒక కవితా సంపుటిలోని రెండో పుట. ముందుమాట కోసం ఆత్రపడే పాఠకుడు దాన్ని చూడకుండా తిప్పేస్తాడు. సంపుటి ఫలానావారిదని చెబితే నలుగురు నొచ్చుకుంటారు. అలాంటి పుటలు నలభై కలిపి చదివినా మూలం ఒకటే వస్తుంది గనక పేరుతో పనిలేదు.

మూలం: “ప్రథమ ముద్రణ. ప్రతులు: 500. సర్వహక్కులు కవివి. అంకితం: అమ్మానాన్నలకు. వెల: అమూల్యం. ప్రతులకు: రచయిత, పరవాడ.”

అవతారిక: పరవాడ ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా మండలం. 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాది. కవి ఇల్లు కదల్లేదు, జిల్లాయే మారింది. మొదటి సంపుటి మీద ఒక జిల్లా, రెండో దాని మీద మరో జిల్లా పడ్డాయి. రేపెప్పుడో ఒక పరిశోధకుడు వీళ్లు ఇద్దరు వేర్వేరు కవులని నిరూపించి డాక్టరేట్ పుచ్చుకునే ప్రమాదం లేకపోలేదు. లంకెలపాలెం దగ్గర జాతీయ రహదారి దిగి లోపలికొస్తే సింహాద్రి విద్యుత్ కేంద్రం, ఒక్కొక్కటి 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు. ఆ పక్కన మందుల కంపెనీలతో నిండిన జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ. ముత్యాలమ్మపాలెం వైపు పోతే సముద్రం, కూర్మన్నపాలెం వైపు పోతే ఉక్కు కర్మాగారం. కవి వీటిలో ఏదో ఒకదానిలో షిఫ్టు ఉద్యోగి, లేదా వాళ్ల పిల్లలకు పాఠం చెప్పే మాస్టారు.

‘ప్రథమ ముద్రణ’ అనగా, ద్వితీయం కూడా ఉంటుందని ధ్వని. ఇందులో రసం వీరం. స్థాయీభావం ఉత్సాహం.

‘ప్రతులు: 500’ దగ్గర కాస్త నిలబడాలి. ఎందుకు ఐదు వందలు? కవికి అంతమంది స్నేహితులున్నారనా? కాదు. ఆఫ్‌సెట్‌లో ప్లేటు ఖర్చు వందకైనా ఐదు వందలకైనా ఒకటే. “వంద వేస్తే మీకే నష్టం మాస్టారూ” అని ప్రెస్సు ఆయన అంటాడు, కవి తల ఊపుతాడు. డెమ్మీ సైజు, ఫారానికి పదహారు పేజీలు, ఆరు ఫారాలు. అంటే తొంభై ఆరు పేజీలు. కవితలు తొంభై రెండు పేజీలకే వచ్చాయనుకోండి, ఫారం నిండాలి గదా. అప్పుడు ప్రూఫులు దిద్దుతూ దిద్దుతూనే నాలుగు కవితలు పుడతాయి. స్ఫూర్తి ఎక్కడినుంచి వస్తుందని సభల్లో అడిగితే కవులు వెన్నెల అంటారు గానీ, ఆఖరి ఫారంలో మిగిలిన ఖాళీ పేజీలు పుట్టించిన కవిత్వం తక్కువేమీ కాదు. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగులో యాభై ప్రతులు కూడా వేస్తారు. అయినా కవి ఐదు వందలే అంటాడు. యాభై అని రెండో పుటలో అచ్చు వేయించుకోవడం ఎవరికి ఇష్టం?

సొంత ఖర్చుతో అచ్చుకు పూర్వోదాహరణ బ్రూక్లిన్‌లో ఉంది. 1855లో వాల్ట్ విట్మన్ ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ను సొంత డబ్బుతో 795 ప్రతులు వేయించాడు, టైపు కొంత తనే కూర్చాడు. పుస్తకం పెద్దగా అమ్ముడుపోలేదు. అప్పుడాయన పేరు పెట్టకుండా తన పుస్తకం మీద తనే సమీక్షలు రాసి పత్రికలకిచ్చాడు, బాగుందని. పరవాడ కవి అంతదాకా పోలేదు. సమీక్షకు రెండు ప్రతులు పంపి, ఆదివారం ఆదివారం పత్రిక వెనక పేజీ తిప్పుతూ కూర్చుంటాడు.

ఐదు వందల్లో మొదటి నాలుగు మాత్రం చట్టానివి. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త ప్రతి పుస్తకాన్నీ ముప్పై రోజుల్లోగా కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరాకూ, బొంబాయి, ఢిల్లీ గ్రంథాలయాలకూ తన ఖర్చు మీదే చేర్చాలి. చేర్చకపోతే యాభై రూపాయల దాకా జరిమానా, దానిమీద పుస్తకం ఖరీదు. ‘వెల: అమూల్యం’ అన్న పుస్తకానికి ఈ రెండో భాగం ఎలా వసూలు చేస్తారన్నది మీమాంసకులు తేల్చవలసిన విషయం.

‘సర్వహక్కులు కవివి’: కాపీరైటు చట్టం కవి బతికున్నంతకాలమూ, ఆపైన అరవై ఏళ్లూ హక్కు ఇస్తుంది. మునిమనవడిదాకా భరోసా. అయితే కవిత అచ్చయిన నెలకే పేరు ఊడిపోయి, గులాబీ బొమ్మ తగిలించుకుని, ‘శుభోదయం’ అంటూ కవిగారి ఫోన్‌కే తిరిగొస్తుంది. కవికి కోపం రాదు. “మన కవిత తిరుగుతోందే!” అని ఇంట్లో చూపిస్తాడు.

‘అంకితం: అమ్మానాన్నలకు’. పూర్వం అంకితం అంటే ఖర్చు పెట్టుకునే కృతిభర్త. పోతన భాగవతాన్ని రాజులకివ్వక రాముడికిచ్చాడు. ఇప్పటి కవికి కాదనడానికి రాజే లేడు. కృతికర్తా తనే, కృతిభర్తా తనే. డబ్బు మాత్రం చీటీ పాటలోంచి వస్తుంది. అవతారికలో వంశవర్ణన తర్వాత రావలసిన ఒక వాక్యాన్ని ఏ కవీ అచ్చు వేయించడు: “ఏటండీ, చీటీ పాడింది దీనికా?”

విశేషం: మూలంలో కనిపించకపోయినా పుటలన్నీ ఆక్రమించేది ముందుమాట. మూడుంటే మర్యాద, ఐదుంటే గౌరవం. పెద్దాయన ముందుమాట కోసం పుస్తకం ప్రెస్సులో ఆరు నెలలు ఆగిపోవడం మామూలే. విశాఖలోనే దీనికి తలకిందులైన కథ ఒకటుంది. విశాఖలో పుట్టిన శ్రీశ్రీ మొదటి సంపుటి ‘ప్రభవ’ను 1928లో ఆ ఊరి కవితా సమితి వేసింది, కవికి పద్దెనిమిదేళ్లు. ఆయన ‘మహాప్రస్థానం’కు మాత్రం చలం ‘యోగ్యతా పత్రం’ అనే ముందుమాట రాసింది 1940లో. పుస్తకాన్ని మచిలీపట్నంలో నళినీకుమార్ అచ్చు వేయించింది 1950లో. పదేళ్లపాటు ముందుమాట తయారుగా కూర్చుని పుస్తకం కోసం ఎదురు చూసింది. అంతటి పుస్తకానికే అచ్చుకు మనిషి దొరకడానికి దశాబ్దం పట్టింది గదా అని పరవాడ కవి తన డబ్బు తనే తీస్తాడు. ఇందులో అహం ఉందని విమర్శకులంటారు. ఉంటే ఉండనీండి. ఎదురుచూపు కన్నా చీటీ వాయిదా తేలిక.

ఇక స్ఫూర్తి విషయం. ఇక్కడ వ్యాఖ్యాత మూలాన్ని కాస్త మందలించక తప్పదు. సంపుటి తెరిస్తే కోయిల కూస్తుంది, సరస్సులో కమలాలు విచ్చుకుంటాయి. పరవాడలో సరస్సు నిజంగానే ఉంది: సింహాద్రి కేంద్రం జలాశయం. దానిమీద 2021లో 25 మెగావాట్ల తేలే సౌర విద్యుత్ కేంద్రం పెట్టారు, డెబ్బై అయిదు ఎకరాల నీటిమీద లక్షకు పైగా పలకలు. కమలం సూర్యుణ్ని చూసి విచ్చుకుంటుందన్నది కవి సమయం. సూర్యుణ్ని చూసి కరెంటిచ్చే నీటిపూలు ఇంటి దగ్గరే ఉండగా, ఎన్నడూ చూడని మానస సరోవరానికి పోవడం ఏ అలంకారం కిందికొస్తుందో అప్పయ్య దీక్షితులే చెప్పాలి.

మేఘం సంగతీ అంతే. పరవాడ ఆకాశంలో రాత్రీ పగలూ మేఘం తయారవుతూనే ఉంటుంది. సముద్రపు నీటితో నడిచే శీతల గోపురాల నుంచి అది లేస్తుంది. ‘ఉప్పు మబ్బు’ అని కవి రాస్తాడు. చదవడానికి బాగుంది, శాస్త్రానికి నిలవదు. ఆవిరయ్యేది మంచినీరే, ఉప్పు కిందే మిగిలిపోతుంది. ఆవిరితో పాటు ఎగిరివచ్చే సన్నటి తుంపరలో మాత్రం కాస్త ఉప్పుంటుంది. ‘ఉప్పు తుంపర’ అని దిద్దుకుంటే ఒక మాత్ర పెరుగుతుంది గానీ తప్పు పోతుంది. అయినా ఈ మబ్బును చూసినందుకే కవిని మెచ్చుకోవాలి. అది కోయిల కంటే వెయ్యి రెట్లు ఆయన సొంతం.

ఈ ప్రాంతం మొత్తమ్మీద అందరికీ నోటికొచ్చిన కవిత ఒకటే. నాలుగే మాటలు. విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు. 1966 ఉద్యమంలో పుట్టింది. అంత్యప్రాస చెక్కుచెదరలేదు: ఉక్కు, హక్కు. ముందుమాట లేదు, ముఖచిత్రం లేదు, ప్రతుల లెక్క అసలే లేదు. ఆ మాటల మీదనే 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ‘వేయిపడగలు’ నవలను హిందీలోకి దించిన ప్రధానమంత్రి గనక అంకితం అనే మాట ఆయనకు కొత్త కాదు. 2021లో అమ్మకం మాట వచ్చినప్పుడు కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో అవే నాలుగు మాటలు మళ్లీ మోగాయి. యాభై అయిదేళ్ల తర్వాత పునర్ముద్రణ అంటే ఇది.

2020 జూన్ 29 రాత్రి ఫార్మా సిటీలోని ఒక కర్మాగారంలో విషవాయువు లీకై ఇద్దరు చనిపోయారు. 2022 డిసెంబరు 26న మరోచోట మంటల్లో నలుగురు. ఇలాంటి రోజుల్లో రాసిన కవితల్లో ఉపమానాలు తగ్గుతాయి. పేర్లు, షిఫ్టు వేళలు, ఇంటి దగ్గర ఎదురు చూసినవాళ్లు, అంతే. సంపుటిలో మిగతా చోట్ల చేతికర్రలా పట్టుకు తిరిగిన ‘వలె’, ‘లాగా’ అక్కడ అక్కర్లేకపోయాయి. ఆ కవితలకు టీక రాయబోవడం వ్యాఖ్యాతకు తగదు.

పాఠాంతరం: కవి ఫోన్‌లో యూనికోడ్‌లో రాస్తాడు. డీటీపీలో అది అను ఫాంటుకు మారుతుంది. ఆ మార్పులో కొన్ని వత్తులు జారిపోతాయి, కొన్ని కొత్తగా పుడతాయి. ‘స్త్రీ’ అన్నది ఏ రూపంలో తేలుతుందో బ్రహ్మకే ఎరుక. పండితులు దీన్ని లేఖక దోషం అంటారు, ప్రెస్సు వాళ్లు సాఫ్ట్‌వేర్ అంటారు. ఆధునిక కవిత్వం గనక తప్పయినా ప్రయోగమేనని పాఠకులు సర్దుకుపోతారు.

ఆవిష్కరణ: ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం. వేదిక మీద పదకొండుగురు, కింద అంతకు కాస్త ఎక్కువ, శాలువాలు అందరికీ. దిగంబర కవులు 1965లో మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత, 1968లో మూడోదాన్ని ఇదే విశాఖలో ఒక యాచకురాలి చేత ఆవిష్కరింపజేశారు. అదీ సొంత పూనికతో వేసుకున్న పుస్తకాల చరిత్రే. పరవాడ కవికి అది తెలియక కాదు. శాఖాధికారి కూడా కవే కావడం వల్ల ముఖ్య అతిథి ఎంపికలో స్వేచ్ఛ తక్కువ.

‘వెల: అమూల్యం’: ఇది దానగుణం. దీనివల్ల నష్టపోయేది మాత్రం కవే. పంచాయతీ ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా జిల్లా గ్రంథాలయ సంస్థకు పోతుంది. పరవాడలో ఇల్లున్న కవి అదీ కడుతున్నాడు. ఆ సంస్థ పుస్తకాలు కొనాలంటే వెల అంకెల్లో ఉండాలి. అమూల్యానికి బిల్లు రాయడం ఏ గుమాస్తాకూ రాదు. పదమూడంకెల ఐఎస్‌బీఎన్‌ను కేంద్రం రచయితలకు ఉచితంగానే ఇస్తుంది. కవి దాన్ని అడిగి తెచ్చుకుంటాడు, వెనక అట్ట మీద వేయిస్తాడు, ధర అడిగితే నవ్వుతాడు.

‘ప్రతులకు: రచయిత, పరవాడ’. ప్రతుల కోసం ఎవరు వస్తారని అడగకూడదు. ప్రతులే బయల్దేరతాయి. ఇన్నాళ్లూ వాటికి వాహనం తపాలా శాఖ రిజిస్టర్డ్ పుస్తకాల చవక రేటు. 2024 డిసెంబరులో అది ఆగిపోయింది. 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ వచ్చింది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పైన పన్ను. ఆరు ఫారాల డెమ్మీ పుస్తకం అట్టతో కలిపి 120 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది గనక సమీక్షకు పంపే రెండు ప్రతులు కవరుతో సహా ఆ లెక్కలో పడతాయి. చిక్కల్లా ఆ సేవ పాఠ్యపుస్తకాలకూ, సామాజిక, సాంస్కృతిక, మత గ్రంథాలకూ పరిమితం. కౌంటరు దగ్గర గుమాస్తా సంపుటి అటూ ఇటూ తిప్పి, “మాస్టారూ, ఇదేటిది, సాంస్కృతికమా, సామాజికమా?” అని అడుగుతాడు. వెనక క్యూ ఉంది. కవి రెండూ అంటాడు.