కొంగు సర్దుకో తల్లీ, కత్తి తర్వాత!

మా గోదావరి జిల్లాలకు మర్యాద ఎక్కువండి. వీరనారికైనా ముందు కొంగు సర్ది, ఆ తర్వాతే కత్తి చేతికిస్తాం.

మహిళా దినోత్సవానికి కట్టే ఫ్లెక్సీ చూడండి. అందులో రుద్రమదేవి పెళ్లిచూపులకు కూర్చున్నట్టుంటుంది. ఏడువారాల నగలు, పెదాలకు రంగు, పద్దెనిమిదేళ్లు దాటని వయసు! 1262 ప్రాంతంలో గద్దెనెక్కి, పాతికేళ్లకు పైగా ఏలిన మనిషి. 1289 నాటి చందుపట్ల శాసనం ఆవిడ మరణాన్ని చెబుతోంది. ఆ వయసుగానీ, ఆ చెమటగానీ ఫ్లెక్సీలోకి ఎక్కవు. నాయకుల మొహాలకే చోటు చాలడంలేదాయె. పైగా నిడదవోలు చాళుక్య వీరభద్రుడి ఇల్లాలు, అంటే మా కోడలు. కోడలన్నాక ఆమాత్రం ఒద్దిక ఉండొద్దూ?

ఈ ఒద్దిక తెలియని పిల్ల ఒకతి 1593లో రోములో పుట్టింది. పేరు ఆర్టెమీసియా జెంటిలెస్కీ. తనను చెరిచిన టాస్సీ మీద 1612లో విచారణ జరిగితే, నిజం చెబుతోందా లేదా అని కోర్టు ఈవిడ వేళ్లకే తాళ్లు బిగించింది. నేరం వాడిది, పరీక్ష ఈవిడకి. ఈ పద్ధతి మనకేం కొత్త కాదు లెండి.

ఆ వేళ్లే జూడిత్‌ను గీశాయి. బైబిల్ కథలో శత్రు సేనాని హోలోఫెర్నెస్ తల కోస్తున్న జూడిత్. కారవాజియో గీసిన జూడిత్ మొహం చిట్లించుకుని అంటీ ముట్టనట్టు కోస్తుంది. దాసి ముసలమ్మ పక్కన చూస్తూ నిలబడుతుంది. ఆర్టెమీసియా బొమ్మలో దాసి పడుచుది, వాడి మీదికెక్కి అదిమిపట్టింది. జూడిత్ అంగీ చేతులు పైకి మడిచి, వాడి జుట్టు గుప్పిట్లో బిగించి, తన ఒంటిమీద నెత్తురు పడకుండా వెనక్కి వాలింది.

ఎక్కడో చూసినట్టుందా? పులసల రోజుల్లో కత్తిపీట ముందు మా అత్తలు కూర్చునే తీరే అది. గాజులు మోచేతి పైకి తోసి, చీర మీద చుక్క పడకుండా వెనక్కి వాలి, ఒక్క ఊపున తల తెగ్గోస్తారు. అది వంటింట్లో అయితే పనిమంతురాలు. అదే బొమ్మలో అయితే, ఆయ్, ఆడపిల్లకు అంత కోపం పనికిరాదండి!

గీసే చేతులు మనకు లేక కాదు. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో 27 ఏళ్లకే పోయారు. ఆయన పేరిట ఊళ్లో ఆర్ట్ గ్యాలరీ ఉంది. భార్య సత్యవాణి, తోబుట్టువు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. ఊళ్లో అడిగి చూడండి. ఒకరు రామారావుగారి భార్య, ఇంకొకరు రామారావుగారి చెల్లెలు. బంధుత్వం దగ్గరే పరిచయం అయిపోతుంది. బొమ్మల దాకా ఎవరొస్తారు?

ఇటలీ వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? ఆర్టెమీసియా బొమ్మలు కొన్నిటిని చాలాకాలం తండ్రి ఒరాజియో ఖాతాలో వేశారు. మేం అంత అన్యాయం చెయ్యం. ఆవిడ రాజమండ్రిలో పుట్టి ఉంటే సంక్రాంతికి గుమ్మం ముందు నిలబడి నోరారా మెచ్చుకునేవాళ్లం: “ఒరాజియోగారి అమ్మాయండి. ముగ్గులు భలే వేస్తుంది!”