అష్టభోగాలలో దయ్యం ఎన్నోది?

మూలం: కమలాపురము గ్రామమందలి నా మిద్దె యిల్లు యావత్తును నిధి నిక్షేప జల పాషాణాది అష్టభోగ సహితముగా నా తోబుట్టువు యొక్క కవల కుమార్తెలిరువురును సమభాగములుగా పుత్రపౌత్ర పారంపర్యముగా నిరాటంకముగా అనుభవించవలెను.

టీక: ఆడ్రీ నిఫెనెగర్ 2009 నవల 'హర్ ఫియర్‌ఫుల్ సిమెట్రీ'లో ఎల్స్‌పెత్ అనే ఆవిడ, లండన్ హైగేట్ శ్మశానం పక్కనున్న తన ఇంటిని కవల సోదరి కూతుళ్లకు రాసి చనిపోతుంది. వాళ్లూ కవలలే. ఆవిడ మాత్రం దయ్యమై ఆ ఇంట్లోనే ఉంటుంది. ఆ కథను పాపాఘ్ని ఒడ్డుకు తెచ్చి, వీలునామాను మన దస్తావేజు లేఖరి చేతిలో పెడితే పై వాక్యం పుడుతుంది. 'నిరాటంకముగా' మొదలైనవి సుగమాలు. ఆడపిల్లలకు ఇల్లు రాస్తూ 'పుత్రపౌత్ర' అనడం లేఖరికి అలవాటు. చిక్కంతా ఆస్తితో పాటు వచ్చే ఎనిమిది హక్కుల దగ్గర, అంటే అష్టభోగాల దగ్గరే. దయ్యాన్ని ఎవరూ పాతిపెట్టలేదు గనుక అది నిధి కాదు, ఎవరూ దాచమని ఇవ్వలేదు గనుక నిక్షేపమూ కాదు. ఇంట్లో ఉన్నదే గనుక సిద్ధమనే భోగం అని పూర్వపక్షం. రాసిననాటికి ఆవిడ బతికే ఉంది గనుక అది చెల్లదు. ముందుముందు చేరేది ఆగామి. కావున దయ్యం ఆగామి అని సిద్ధాంతం. 'సమభాగములుగా' అన్నారు కాబట్టి చెరి సగం.

ఆ దయ్యాన్ని పిల్లలు పెద్దమ్మా అనాలా, చిన్నమ్మా అనాలా? కవలల్లో ముందు పుట్టినవారే పెద్ద అని మనువు. భాగవతంలోని కవలల్లో ముందు భూమ్మీద పడ్డవాడు హిరణ్యాక్షుడు, కడుపులో ముందు పడ్డవాడు హిరణ్యకశిపుడు. అయినా అన్న హిరణ్యకశిపుడే. మనువు ప్రకారం పెద్దమ్మ అయిన ఆవిడే భాగవతం ప్రకారం చిన్నమ్మ అవుతుంది. పిలుపు తేలనిదే దయ్యం పలకదు, పలకనిదే కథ నడవదు.

ఇంత చిక్కు పెట్టే అష్టభోగాల వంటి పాత మాటలు వీలునామాలోంచి తీసేయమంటే, తీసేస్తే హక్కులు పోతాయి కదా అంటారు. పోవు. వీలునామాకు సాంకేతిక పదాలు అక్కర్లేదు, రాసినవారి ఉద్దేశం తెలిస్తే చాలని 1925 భారతీయ వారసత్వ చట్టం 74వ సెక్షనే చెబుతోంది. పోనీ ఆ మాటలైనా ఏమిస్తున్నాయి? పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 చట్టం. బోరు వేయాలంటే 2002 వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. నాపరాయి తవ్వి అమ్ముకోవాలంటే గనుల శాఖను అడగాలి. ఇన్ని భోగాలు ఇచ్చిన లేఖరి, మిద్దె మీదికి పోయే మెట్లు ఎవరివో రాయలేదు. కొళాయి ఎవరి వాటాలోకి వస్తుందో, నడిమి గోడ కూలితే ఖర్చు ఎవరిదో రాయలేదు. ఊళ్లో అక్కచెల్లెళ్లు కోర్టుకెక్కేది నిక్షేపాల కోసం కాదు, వీటి కోసమే. మితాక్షర అనే సంస్కృత ధర్మశాస్త్ర గ్రంథాన్ని కేతన పదమూడో శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే ధర్మశాస్త్రాన్ని కూడా తెలుగువాడికి తెలిసేలా చెప్పవచ్చని తేలి ఏడు వందల ఏళ్లు దాటింది. ఆ ఇంట్లో అర్థమయ్యేలా మాట్లాడగలిగేది ఇక దయ్యం ఒక్కటే. మెట్ల సంగతి దాన్నే అడగాలి, ముందు పిలుపు తేల్చుకుని.